పీకడం, నాటడం, పక్క పన్ను

చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో పొద్దున్నే చోటు కోసం వచ్చేవాళ్ళలో ఎక్కువమంది ఇరవైల్లో ఉన్నవాళ్ళు. గ్రూప్స్‌కో, సివిల్స్‌కో, ఎస్సై ఉద్యోగానికో చదువుతూ అశోక్‌నగర్ హాస్టళ్ళలో ఉంటారు. అక్కడికి దగ్గర్లోనే ఉన్న త్యాగరాయ గానసభలో సాయంత్రం కచేరీకో పుస్తకావిష్కరణకో వచ్చేవాళ్ళలో చాలామంది అరవై దాటినవాళ్ళు. ఈ రెండు తరాలూ పక్కపక్క కుర్చీల్లో కూర్చునే చోటు ఒకటుంది, పళ్ళ డాక్టరు దగ్గర వెయిటింగ్ గది. కుర్రవాడికి బుగ్గ వాచి ఉంటుంది, పెద్దాయనకు నోట్లో ఒక పన్ను ఖాళీ ఉంటుంది. కుర్రవాడు ఉన్న పన్ను తీయించుకోవడానికి వచ్చాడు, పెద్దాయన లేని పన్ను పెట్టించుకోవడానికి వచ్చారు. నారాయణగూడ నుంచి ఆర్టీసీ క్రాస్ రోడ్స్ దాకా పళ్ళ డాక్టర్ల బోర్డులు చదువుకుంటూ వెళితే ఈ రెండు పనుల పేర్లూ ఒకదాని కింద ఒకటి కనిపిస్తూనే ఉంటాయి.

జ్ఞానదంతం తీయడం, ఇంప్లాంటు పెట్టడం అనే ఈ రెండింటినీ విడివిడిగా వివరించడం మామూలు. పక్కపక్కన పెట్టి చూస్తే ఒకదాని స్వభావం వల్ల రెండోది తేటపడుతుంది. జ్ఞానదంతం గొడవ పాఠకులకు పరిచయమే. ఆ నొప్పి తాము పడనివాళ్ళు కూడా ఇంట్లో ఒకరు పడటం చూసే ఉంటారు. ఇంప్లాంటు సంగతి అలా కాదు. స్క్రూ పన్ను అని విన్నవాళ్ళే ఎక్కువ, అది ఎముకలో ఎలా నిలుస్తుందో తెలిసినవాళ్ళు తక్కువ. కాబట్టి తెలిసినదాన్ని ఆసరా చేసుకుని తెలియనిదాని దగ్గరికి వెళ్ళడం మేలు.

వయసులో పెద్దది జ్ఞానదంతం గొడవే. సుశ్రుత సంహితలో ముఖరోగాల గురించి చెప్పినచోట అధిమాంసకం అనే జబ్బు ఉంది. దవడలో చిట్టచివరి పంటి దగ్గర పెద్ద వాపు, తీవ్రమైన నొప్పి, చొంగ కారడం దాని లక్షణాలు. ఇవాళ డాక్టరు చీటీ మీద పెరికరోనైటిస్ అని రాసేదాని వర్ణనా దాదాపు ఇదే. పన్ను సగం బయటికి వచ్చి ఆగిపోతుంది, మిగతా సగం మీద చిగురు మూతలా ఉండిపోతుంది. ఆ మూత కింద మెతుకులు ఇరుక్కుంటాయి, చీము పడుతుంది, నోరు తెరవడమే కష్టమవుతుంది. పెరిగిన మాంసాన్ని కోసి, తేనె కలిపిన చూర్ణాలు పట్టించమని సుశ్రుతుడు చెప్పాడు. ఆ మూతను కోసి తీయడం ఇప్పటికీ ఉన్న చికిత్సే. కాగా పన్నుకు సరిగ్గా లేచే చోటే లేనప్పుడు మూత కోసినా అది మళ్ళీ పెరుగుతుంది, నొప్పి మళ్ళీ వస్తుంది. అప్పుడు పన్నునే తీయక తప్పదు.

నాటడానికీ అలాగే పాత చరిత్ర ఉంది, అయితే అది దూరదేశంలో ఉంది. 1931లో హోండురాస్‌లో మాయా నాగరికత నాటి కింది దవడ ఒకటి దొరికింది. దాని కాలం సుమారు క్రీ.శ. 600. ముందు పళ్ళ స్థానంలో పన్ను ఆకారంలో చెక్కిన గుల్ల ముక్కలు మూడు గుచ్చి ఉన్నాయి. చనిపోయాక అలంకారం కోసం పెట్టారని మొదట అనుకున్నారు. 1970లో ఎక్స్‌రే తీసి చూస్తే వాటి చుట్టూ ఎముక పెరిగి ఉంది. అంటే మనిషి బతికి ఉండగానే వాటిని నాటారు, ఆ ఎముక వాటిని పట్టుకుంది.

ఆధునిక కాలంలో రెండు విద్యలూ రెండు దారుల్లో ఎదిగాయి. 1926లో అమెరికా దంతవైద్యుడు జార్జ్ వింటర్ కింది జ్ఞానదంతాలను అవి ఒరిగిన తీరును బట్టి వర్గాలు చేశాడు. ముందుకు వాలినవి, వెనక్కి వాలినవి, అడ్డంగా పడుకున్నవి, నిలువుగా ఉండి కూడా పైకి రాలేకపోయినవి. నేటికీ డాక్టర్లు ఆ వర్గాల పేర్లే వాడుతున్నారు. ఇంప్లాంటు విద్య మాత్రం అనుకోకుండా దొరికిన ఒక సంగతి నుంచి పుట్టింది. 1952లో స్వీడన్‌లో పెర్ ఇంగ్వర్ బ్రొనెమార్క్ అనే పరిశోధకుడు కుందేలు కాలి ఎముకలో రక్తప్రసారం ఎలా సాగుతుందో చూడటానికి టైటానియంతో చేసిన చిన్న పరికరాన్ని అమర్చాడు. పని అయ్యాక తీయబోతే అది రాలేదు. ఎముక దాన్ని తనలో కలుపుకుంది. 1965లో ఆయన గోస్టా లార్సన్ అనే మనిషికి కింది దవడలో టైటానియం ఇంప్లాంట్లు పెట్టాడు. 2006లో చనిపోయేదాకా, అంటే నలభై ఏళ్ళకు పైగా, లార్సన్ వాటితోనే అన్నం తిన్నాడు. అయినా వైద్యలోకం చాలాకాలం నమ్మలేదు. 1982లో టొరంటో సమావేశం తర్వాతే ఈ పద్ధతికి విస్తృతమైన ఆమోదం దొరికింది. ఒక విద్యకు పునాది పంటి వాలును చదవడం, మరోదానికి పునాది లోహాన్ని ఎముక తనదిగా ఒప్పుకోవడం.

పని జరిగే తీరును దగ్గరగా చూద్దాం. ముందుకు వాలిన కింది జ్ఞానదంతాన్ని తీసేటప్పుడు డాక్టరు మొదట దవడ వెనక మత్తు సూది వేస్తారు. కాసేపటికి కింది పెదవిలో సగం దిమ్మెక్కుతుంది. చిగురును పక్కకు తప్పించి, పంటిని కప్పిన ఎముకను కొంచెం అరగదీస్తారు. పన్ను మొత్తంగా రాదు కనుక దాన్నే రెండు మూడు ముక్కలు చేస్తారు. పక్క పంటి కింద చిక్కుకున్న పైభాగం ముందు వస్తుంది, వేర్లు తర్వాత ఒక్కొక్కటిగా వస్తాయి. అనుభవం ఉన్న చెయ్యి బలం వాడదు, ముక్కకు దారి చూపిస్తుంది. తర్వాత రెండు మూడు కుట్లు వేసి, దూది పెట్టి, "గట్టిగా కొరికి పట్టుకో బాబూ, మాట్లాడకు" అంటారు.

ఇంప్లాంటు పనిలోనూ అదే మత్తు సూది, అదే చిగురు, అదే ఎముక. అయితే ఇక్కడ ఎముకను తీయడం తక్కువ, కాపాడటం ఎక్కువ. మొదట సన్నని డ్రిల్లుతో దారి వేస్తారు, తర్వాత కొంచెం లావువి వాడుతూ రంధ్రాన్ని పెంచుతారు. దాని మీద సెలైన్ నీళ్ళు ఆగకుండా పడుతూనే ఉండాలి. ఎముక వేడి 47 డిగ్రీలకు చేరి ఒక్క నిమిషం అలాగే నిలిస్తే ఆ చోట ఎముక చనిపోతుందని 1980లలో స్వీడన్ పరిశోధకులు చూపించారు. చచ్చిన ఎముక స్క్రూను పట్టుకోదు. రంధ్రం సిద్ధమయ్యాక సుమారు నాలుగు మిల్లీమీటర్ల లావు, పది మిల్లీమీటర్ల పొడవున్న టైటానియం స్క్రూను నెమ్మదిగా తిప్పుతూ దింపుతారు. దాని మీద తర్వాత ఒక చిన్న కంబం వస్తుంది, ఆ కంబం మీద క్యాపు. బయటికి కనిపించే పన్ను ఆ క్యాపే. అసలు పని కనిపించనిచోటే జరిగిపోయింది.

భయం రెండింటికీ ఒకచోటే ఉంది. కింది దవడ ఎముక లోపల సన్నని కాలువలో ఒక నరం నడుస్తుంది. కింది పెదవికీ గడ్డానికీ స్పర్శ ఇచ్చేది అదే. జ్ఞానదంతం వేరు ఒక్కోసారి ఆ కాలువను తాకుతూ ఉంటుంది. వెనక దవడలో ఇంప్లాంటు దింపేటప్పుడు డ్రిల్లు కూడా అటువైపే వెళుతుంది. అందుకే పన్ను తీసేవారు వేరుకూ నరానికీ మధ్య దూరం కొలుస్తారు, అదే విధంగా నాటేవారు కాలువకు కనీసం రెండు మిల్లీమీటర్ల ఎడం విడిచిపెడతారు. వేరు మరీ నరం మీదే ఉంటే పంటి తలను మాత్రం కోసి తీసి, వేరును ఎముకలోనే వదిలేసే పద్ధతి కూడా ఉంది. నాటేచోట ఎముక ఎత్తు చాలకపోతే పొట్టి ఇంప్లాంటు వేస్తారు, లేదా ఎముకను పెంచుతారు. పెదవి తిమ్మిరి మిగిలిపోవడం అరుదు, అయినా ఆ అవకాశం గురించి పనికి ముందే చెప్పని డాక్టరు తన బాధ్యతలో సగమే చేసినట్టు.

ఈ నరాన్ని చూపించేది ఓపీజీ ఎక్స్‌రే. చిన్న ప్లాస్టిక్ కడ్డీని ముందు పళ్ళతో కొరికిపట్టి కదలకుండా నిలబడితే యంత్రం తల చుట్టూ తిరిగి, రెండు దవడల్నీ ఒకే పటంలో పరిచి చూపిస్తుంది. నిడివీ ఎత్తూ అందులో తెలుస్తాయి గాని ఎముక మందం తెలియదు. సందేహం ఉన్నచోట సీబీసీటీ అనే మూడు కొలతల స్కాన్ తీస్తారు. జ్ఞానదంతాలు చాలావాటికి ఓపీజీ చాలు, ఇంప్లాంటుకు మాత్రం స్కాన్ అవసరం ఎక్కువసార్లు పడుతుంది. ఎక్కడా పటం తీయకుండా పని మొదలుపెట్టకూడదన్నది రెండింటికీ వర్తించే నియమం.

వయసు విషయంలో ఇవి పూర్తిగా ఎదురెదురు. జ్ఞానదంతం సాధారణంగా పదిహేడు, ఇరవై ఐదేళ్ళ మధ్య వస్తుంది. తీయాల్సి వస్తే ఆ వయసే అనువైనది. వేర్లు ఇంకా పూర్తిగా ముదరవు, ఎముక మెత్తగా ఉంటుంది, గాయం త్వరగా మానుతుంది. ముప్పై దాటేకొద్దీ పని కష్టం, కోలుకోవడం ఆలస్యం. ఇంప్లాంటుకు మాత్రం తొందర పనికిరాదు. దవడ ఎదుగుదల ఆగకముందు పెడితే పక్క పళ్ళు ఎదుగుతాయి, ఇంప్లాంటు ఉన్నచోటే ఉండిపోతుంది. పై వయసుకు మాత్రం హద్దు లేదు. డెబ్భై ఐదేళ్ళ మనిషికైనా షుగరు అదుపులో ఉండి, ఎముక ఉంటే పెట్టవచ్చు.

వ్యవధిలోనూ అంతే తేడా. జ్ఞానదంతం తీయడం ఒక పూట పని, వాపు రెండో మూడో రోజుకు ఎక్కువై వారానికి తగ్గుతుంది, కుట్లు కూడా అప్పుడే తీస్తారు. అశోక్‌నగర్ కుర్రవాళ్ళు పరీక్ష తేదీని చూసుకుని వస్తారు. పరీక్షకు పది రోజులు కూడా లేనప్పుడు మంచి డాక్టరు మందులతో నొప్పి ఆపి, పని తర్వాతకు పెట్టుకోమంటారు. ఇంప్లాంటుకు నెలలు కావాలి. కింది దవడలో సుమారు మూడు నెలలు, పై దవడలో ఎముక మెత్తన కనుక అంతకంటే ఎక్కువ. స్క్రూ బాగా బిగిసినచోట తొందరగా పన్ను పెట్టే పద్ధతులూ వచ్చాయి, అవి అందరికీ నప్పవు. అమెరికాలో ఖర్చు భరించలేక సెలవుల్లో హైదరాబాదు వచ్చి ఈ పని పెట్టుకునేవాళ్ళు ఈ లెక్క ముందే తెలుసుకోవాలి. ఒక రాకలో స్క్రూ, మరో రాకలో క్యాపు అన్నట్టుగా ఏర్పాటు చేసుకుంటే నష్టం లేదు. ఖర్చులోనూ పోలిక లేదు. పన్ను తీయడం వేలల్లో తేలిపోతుంది, ఇంప్లాంటు ఒక్కో పంటికి పదుల వేలల్లోకి వెళుతుంది. అంత పెట్టలేనివాళ్ళకు అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆస్పత్రి దగ్గర ప్రభుత్వ దంతవైద్య కళాశాల ఉంది. అక్కడి వరుసలో నిలబడటం చిన్నతనం కాదు.

ఇంత తేడా ఉన్నా ఇంటికి వచ్చాక రెండు రకాల రోగులకూ చెప్పే జాగ్రత్తలు ఒకటే. రక్తం గడ్డకట్టి ఆ చోటును కప్పాలి. అందుకే మొదటి రోజు ఉమ్మకూడదు, పుక్కిలించకూడదు, స్ట్రాతో తాగకూడదు. ఐసు గడ్డ బయట బుగ్గ మీద పెట్టాలి. మర్నాటి నుంచి గోరువెచ్చని ఉప్పునీళ్ళు. చల్లారిన రాగిజావ, మెత్తగా పిసికిన పెరుగన్నం, కారం లేని పప్పు. ఆవకాయ, జంతికలు కొన్నాళ్ళు ఆగాలి. పన్ను తీసినచోట ఆ గడ్డ ఊడిపోతే రెండు మూడు రోజులకు చెవి దాకా పాకే నొప్పి పుడుతుంది. డ్రై సాకెట్ అంటారు. ఇంప్లాంటు చుట్టూ గాయం సరిగా మానకపోతే స్క్రూ కదులుతుంది. సిగరెట్టు ఈ రెండింటికీ శత్రువు, అదుపు తప్పిన షుగరూ అంతే. ఎముకలు గుల్లబారకుండా మందులు వాడుతున్న పెద్దవాళ్ళు ఆ సంగతి డాక్టరుకు చెప్పి తీరాలి. కొన్నిరకాల మందులు వాడేవారికి దవడ ఎముక మానకపోయే ప్రమాదం ఉంది, పీకినా నాటినా.

మన ఇళ్ళలో ఇంకో భయం కూడా ఉంది. పన్ను పీకిస్తే చూపు పోతుందంటారు. ఈ మాట విని ఏళ్ళ తరబడి చీము పట్టిన పంటితో బతికే పెద్దవాళ్ళున్నారు. పంటికి స్పర్శ ఇచ్చే నరం వేరు, చూపునిచ్చే నరం వేరు. పై దవడలో చీము ముదిరి పైకి పాకితే కంటి చుట్టూ హాని జరగవచ్చు గాని, అది పీకకపోవడం వల్ల జరిగేది. అలాగే ఇంప్లాంటు గురించి లోహం ఒంటికి పడదన్న సందేహం వినిపిస్తుంది. టైటానియం మీద గాలి తగలగానే సన్నని ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది, ఒళ్ళు దాన్ని శత్రువుగా చూడకపోవడానికి అదే పెద్ద కారణం. సరిపడకపోవడం చాలా అరుదు.

రెండు పనుల్లోనూ నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది వాటి నిగ్రహం. నొప్పీ జబ్బూ లేని జ్ఞానదంతాన్ని ముందుజాగ్రత్త పేరుతో తీయవద్దని బ్రిటన్‌లో నైస్ సంస్థ 2000లోనే మార్గదర్శకాలిచ్చింది. ముందు పళ్ళు వంకరవుతాయని జ్ఞానదంతాలు పీకించడానికీ బలమైన ఆధారం లేదు. అదే విధంగా రూట్ కెనాల్‌తో నిలిచే పంటిని పీకి ఇంప్లాంటు పెట్టడం మేలైన వైద్యం కాదు. సొంత పంటికీ ఎముకకూ మధ్య సన్నని నారపొర ఉంటుంది. అన్నంలో చిన్న రాయి తగిలినా చెప్పేది అదే. ఇంప్లాంటు నేరుగా ఎముకకు అతుక్కుంటుంది కనుక ఆ సున్నితత్వం దానికి రాదు. అది పుచ్చదు నిజమే, కానీ చుట్టూ చిగురు చెడి ఎముక కరిగితే ఊడుతుంది. కాబట్టి రోజూ బ్రష్షు చేయడం, ఆరునెలలకోసారి చూపించుకోవడం దానికీ తప్పదు.

మరి ఈ ఎదురెదురు పనులను కలిపే సూత్రం ఏమిటి? నాకు కనిపించింది పక్క పన్ను. జ్ఞానదంతాన్ని తీసేది చాలాసార్లు దానికోసం కాదు. అది వాలి, ముందున్న దవడ పంటి వెనక గోడను పుచ్చబెడుతుంది, దాని ఎముకను కరిగిస్తుంది. జీవితమంతా నమలాల్సిన ఆ పంటిని కాపాడటానికి, నమలడంలో పెద్దగా పనిచేయని ఈ పన్నును తీస్తాం. ఇంప్లాంటు కూడా అంతే. ఒక పన్ను పోయినచోట బ్రిడ్జి కట్టాలంటే అటూ ఇటూ ఉన్న రెండు మంచి పళ్ళను అరగదీయాలి. ఖాళీగా వదిలేస్తే పక్కవి వాలుతాయి, ఎదుటి దవడ పన్ను ఆ ఖాళీలోకి దిగుతుంది. పన్ను పోయిన ఏడాదిలోపే అక్కడి ఎముక వెడల్పు దాదాపు సగం తగ్గుతుంది, అందులో ఎక్కువ భాగం మొదటి మూడు నెలల్లోనే. ఇంప్లాంటు తన బరువు తానే మోస్తుంది, పక్కవాటిని తాకదు. వీధిలో ఒక ఇల్లు పక్కింటి గోడ మీదికి ఒరిగితే దించేస్తారు, ఖాళీ స్థలంలో కట్టే ఇంటికి సొంత పునాది వేయమంటారు. పళ్ళ వరుసలో డాక్టరు చేసేదీ ఆ రెండు పనులే.

ఈ రెండు విద్యలూ నేరుగా కలిసే చోటు కూడా ఉంది. ఆరేళ్ళ వయసులో వచ్చే మొదటి దవడ పన్ను పుచ్చి పోయిన కుర్రవాడికి, వేరు ఇంకా పూర్తిగా ముదరని జ్ఞానదంతం ఉంటే, దాన్ని జాగ్రత్తగా తీసి ఆ ఖాళీలోనే నాటే పద్ధతి ఉంది. పీకిన చేత్తోనే నాటుతారు. నారపొర బతికితే ఆ పన్ను ఎముకలో పట్టుకుని, రాయి తగిలితే చెప్పగలిగే సొంత పంటిలా పనిచేస్తుంది. అందరికీ కుదరదు, కొలతలు కలవాలి, చెయ్యి నేర్పరిది కావాలి. కుదిరినచోట మాత్రం పీకడానికీ నాటడానికీ మధ్య గీత చెరిగిపోతుంది.

అందుకే వెయిటింగ్ గదిలో పక్కపక్కన కూర్చున్న ఆ ఇద్దరికీ అడగవలసిన ప్రశ్న ఒకటే అంటాను. "డాక్టరుగారూ, ఇది చేయకపోతే పక్క పన్ను ఏమవుతుంది? చేస్తే ఏమవుతుంది?" ఓపీజీ పటాన్ని వెలుగులో పెట్టి, వేలితో చూపించి, ఈ రెండింటికీ తేటగా జవాబు చెప్పే డాక్టరు చేతికి నోరు అప్పగించవచ్చు, తీయడానికైనా పెట్టడానికైనా. జవాబు దాటవేసి ఇవాళే చేయించుకోమని తొందరపెడితే, పటం చేతబట్టుకుని వెళ్ళి మరో డాక్టరు మాట కూడా వినడం మన హక్కు.